సమితి ఏమైంది? మండలం ఎప్పుడొచ్చింది?

ప్రశ్న: మా తాతగారి పాత కాగితాల్లో ఒకచోట ‘కనిగిరి తాలూకా, నెల్లూరు జిల్లా’ అనీ, ఇంకోచోట ‘పంచాయతీ సమితి’ అనీ ఉంది. మా ఊరు ప్రకాశం జిల్లాలో ఉండేది కదండీ? సమితి అంటే ఇప్పటి మండలమేనా?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: కాగితాల్లో తప్పేం లేదండీ. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి నెల్లూరులోనే ఉండేవి. దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టింది 1972లో.

ఇక తాలూకా వేరు, సమితి వేరు. శిస్తు, భూముల రికార్డులు తాలూకా ఆఫీసులో తహసీల్దారు చూసేవారు. సమితి 1959 చట్టంతో వచ్చింది. ఊళ్ల సర్పంచులే అందులో సభ్యులు, మొదట్లో ప్రెసిడెంటును వాళ్లే ఎన్నుకునేవాళ్లు, కాబట్టి ఆ కుర్చీ కోసం సర్పంచుల చుట్టూ ఎంత రాజకీయం నడిచేదో మీ ఊరి పెద్దవాళ్లని కదిలిస్తే చాలు, సాయంత్రం దాకా చెప్తారు. ఆఫీసు పని బీడీవోది, అంటే బ్లాక్ డెవలప్‌మెంట్ ఆఫీసరుది. ఊరి బడి, చిన్న రోడ్లు, బావులు సమితి చూసేది. ‘సమితి బడి’ అనే మాట అక్కడిదే.

1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలను రద్దు చేసి చిన్న చిన్న మండలాలు చేసింది. సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి, 1987లో ఎన్నికలు జరిగాయి. అంటే ఒక్క సమితి పరిధి కొన్ని మండలాలుగా చీలింది. జనానికి ఆఫీసు దగ్గరైంది, నిజమే. సమితి ప్రెసిడెంటుకుండే దర్జా మాత్రం ఎంపీపీకి, అంటే మండల పరిషత్తు ప్రెసిడెంటుకి, దక్కలేదనే నా అభిప్రాయం.