ఇంటర్న్‌షిప్ మాన్పించి ఏఐ కోర్సులో చేర్చమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌లో రెండు వారాలుగా ఈమెయిల్ అటాచ్‌మెంట్ల ఫైలు పేర్లలో చెల్లని గుర్తులు సరిచేసే పనే ఇస్తున్నారు. తోటివాళ్లంతా ఏఐ నేర్చుకుంటున్నారు, తను వెనకబడిపోతుందేమోనని టెన్షన్. మాన్పించి ఏఐ కోర్సులో చేర్చనా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పని పేరు మారుతుందే తప్ప ఈ ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చిందండీ. మీ అసలు భయం, నలుగురూ అడిగితే చెప్పుకోవడానికి ఈ పనికి గొప్ప పేరు లేదని. కానీ ఆ పనేమిటో ఆమెను ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా?

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎవరో ఫైలు పేరులో కోలన్, ప్రశ్నార్థకం పెట్టి పంపుతారు, అక్కడ ఇబ్బంది లేదు, విండోస్‌లో సేవ్ చేయబోతే మాత్రం కుదరదు. ఆ రెండింటికి తోడు స్లాష్‌లు రెండూ, స్టార్, డబుల్ కోట్, నిలువు గీత, యాంగిల్ బ్రాకెట్లు రెండూ కలిపి అక్కడ 9 గుర్తులు చెల్లవు. వాటి బదులు అండర్‌స్కోర్ పెట్టేస్తే సరిపోతుంది అనిపిస్తుంది, కానీ అలా చేస్తే రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే పేరు వచ్చి, చూసుకోకపోతే ఒకటి చెరిగిపోతుంది. ఇంగ్లీషు కాని పేర్లు మెయిల్ వివరాలుండే హెడర్‌లో ఎన్‌కోడ్ అయి, అంటే వేరే గుర్తుల రూపంలోకి మారి వస్తాయి, దానికి 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2231 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం పద్ధతి చెప్పినా అన్ని మెయిల్ ప్రోగ్రాంలూ దాన్నే పాటించవు, కాబట్టి ముందు డీకోడ్ చేసి, అంటే అసలు పేరుకు మార్చి, ఆ తర్వాతే శుభ్రం చేయాలి. పైథాన్ భాషలో అక్షరాల్ని వెతికి మార్చే రెగెక్స్‌లో అక్షరాలూ అంకెలూ ఉంచి మిగతావి తీసెయ్ అని రాశారనుకోండి, గుణింతాలు ఎగిరిపోయి ‘తెలుగు’ కాస్తా ‘తలగ’ అవుతుంది. ఇక పేరులో చుక్కలూ స్లాష్‌లూ ఇరికించి ఫైలును వేరే ఫోల్డర్‌లోకి తోసే దుర్మార్గులూ ఉంటారు, వాళ్లను ఆపడం కూడా ఈ పనిలోనే ఉంది. ఇది చిన్న పనా, చెప్పండి?

ఏఐకి నేను వ్యతిరేకిని కాదు, గణితం, స్టాటిస్టిక్స్ మీద ఇష్టంతో ఏళ్ల తరబడి చదివేవాళ్లకు అది మంచి దారే. నా అనుమానమంతా భయంతో చేరే కొద్ది నెలల కోర్సుల మీద. వాటిలో చాలావరకు ముందే శుభ్రం చేసిన డేటా ఇచ్చి, ఎవరో రాసిన కోడ్ నడిపించి సర్టిఫికెట్ ఇస్తారు, ఉద్యోగంలో చేతికొచ్చే డేటా మాత్రం మీ అమ్మాయి ఇప్పుడు చూస్తున్న ఫైలు పేర్లలాగే వస్తుంది. ఆ కోర్సు ముగించి నా దగ్గరికొచ్చి ‘ఇప్పుడేం చేయాలి’ అని అడిగిన పిల్లల్ని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

కొంచెం కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. పిల్ల ఒక సమస్యతో రెండు వారాలు కుస్తీ పడుతుంటే పక్కింటి పిల్లలతో పోల్చి నీరుగార్చకండి. పోల్చి చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నా, ఇప్పటికైతే ఇంటర్న్‌షిప్పే. ఆమె ఎక్కడా వెనకబడలేదు, ధైర్యంగా ఉండండి. ముగిసేలోపు ఎలాంటి పేర్లు ఇబ్బంది పెట్టాయో, కోడ్ సరిగా పనిచేస్తుందో లేదో చూడటానికి దేనికి ఏ టెస్ట్ రాసిందో ఒకచోట రాసుకోమనండి, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అది చాలా పనికొస్తుంది. తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే, ఫీజు కట్టకముందే సిలబస్ ఆమె చేతికివ్వండి. చేరాలో వద్దో తనే చెబుతుంది.