స్కూల్ జోన్ మారుస్తున్నారని కంగారు పడుతున్న చిట్టికి

చి. ల. సౌ. చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే అర్థమైంది, ఏ వీధి పిల్లలు ఏ ప్రభుత్వ స్కూలుకి వెళ్లాలో మీ స్కూల్ బోర్డు కొత్తగా గీసిన ఆ మ్యాపు ముందేసుకుని రాత్రంతా కూర్చున్నావని. కొత్త ప్లానులో మీ వీధి వేరే హైస్కూలు కిందికి వెళ్లిందనీ, పెద్దవాడు వచ్చే ఏడాది తొమ్మిదిలో చేరాలనీ, "ఈ స్కూలు చూసే కదా ఇంత డబ్బు పోసి ఇల్లు కొన్నాం" అని అల్లుడు ఒకటే గొడవనీ చెప్పావు. ఫోన్‌లో నేనేం చెప్పినా నీ చెవికెక్కలేదు. బోర్డు ముందు అందరూ తమ మాట చెప్పుకునే ఆ హియరింగ్‌కి వెళ్లేలోపు ఇది ఒకసారి నింపాదిగా చదువు.

ముందుగా అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పేస్తాను. మ్యాపు మీద ఎంత పోట్లాడినా తప్పు లేదు. అవతలి స్కూల్లో చదువుతున్న పిల్లల గురించి మాత్రం ఒక్క మాట కూడా జారకు.

2019లో మేరీల్యాండ్‌లోని మా హోవర్డ్ కౌంటీలో జరిగిందంతా దగ్గరుండి చూశాను. ఆగస్టులో కౌంటీ స్కూళ్లన్నీ చూసుకునే సూపరింటెండెంట్ దాదాపు 7,400 మంది పిల్లల్ని వేరే స్కూళ్లకి మార్చే ప్లాను ముందు పెట్టారు. కొన్ని స్కూళ్లు కిక్కిరిసిపోయాయి, కొన్నిట్లో సీట్లు ఖాళీగా ఉన్నాయి. దానికి తోడు బీద కుటుంబాల పిల్లలు కొన్ని స్కూళ్లలోనే పోగవుతున్నారు, ఆ తేడా కూడా తగ్గించాలన్నారు. అంతే, కౌంటీ అంతా భగ్గుమంది. ఊరేగింపులు, ప్లకార్డులు, రాత్రి పొద్దుపోయేదాకా హియరింగులు. నవంబరులో బోర్డు ఓటేసే సరికి ఆ లెక్క సుమారు 5,400కి దిగింది. అన్ని రంగులవాళ్లూ, అన్ని ఆదాయాలవాళ్లూ కలిసి బతకాలని జేమ్స్ రౌస్ అనే బిల్డరు 1967లో మొదలుపెట్టిన కొలంబియా పట్టణం ఉన్న కౌంటీలో ఇంత రభస జరిగింది.

ఒక హియరింగులో ఒకావిడ మైకు ముందు నిలబడి "ఆ స్కూలుకి పంపిస్తే మా పిల్లల భవిష్యత్తు ఏం కావాలి" అంది. ఆవిడ వెనకే, తన వంతు కోసం, ఆ స్కూలు బ్యాండు జాకెట్ వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో కాగితం రెండు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. తన వంతు రాగానే కాగితం చూడకుండానే చెప్పింది, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే ఏపీ క్లాసులు తను ఏవేవి చదువుతోందో, ఏ టీచరు సాయంత్రం పూట కూర్చోబెట్టి లెక్కలు చెబుతారో. గొంతు వణికింది కానీ ఏడవలేదు. పదహారేళ్లుంటాయేమో. మనం "ఆ స్కూలు" అన్నప్పుడు వినేది బోర్డు ఒక్కటే కాదమ్మా. రేపు మీ వాడు అక్కడే చేరితే వాడి పక్క సీటులో కూర్చునేది అలాంటి పిల్లే.

డైవర్సిటీ పేరుతో మన పిల్లల్ని బలి చేస్తున్నారని మీ గ్రూపులో ఎవరో రాశారన్నావు. అసలు విషయం తెలుసుకో. 2007లో సియాటిల్, లూయీవిల్ స్కూళ్ల కేసులో సుప్రీం కోర్టు ఒక్కో పిల్లవాడి జాతి చూసి స్కూలు కేటాయించకూడదని తీర్పు ఇచ్చింది. అందుకే చాలా కౌంటీలు కుటుంబ ఆదాయం చూస్తున్నాయి. దానికి దొరికే లెక్క, స్కూల్లో ఉచితంగానో తక్కువ ధరకో భోజనం అందే పిల్లల శాతం. ప్రభుత్వం లెక్కగట్టిన పేదరికపు గీతకి 130 శాతం లోపు ఆదాయం ఉంటే భోజనం ఉచితం, 185 శాతం లోపు ఉంటే తక్కువ ధరకి. ఆ లెక్కలోకి ఉద్యోగం పోయిన మనవాళ్లూ వస్తారు, ఒక్క జీతం మీద నలుగురిని నెట్టుకొచ్చే ఇళ్లూ వస్తాయి. ఆ శాతాన్ని పిల్లల తెలివికి కొలతగా వాడేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇంకోటి కూడా మనసులో పెట్టుకో. మీ వర్జీనియాలోనే ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ, నల్లపిల్లల్ని తెల్లపిల్లల పక్కన కూర్చోబెట్టడం ఇష్టం లేక, 1959 నుంచి 1964 దాకా పబ్లిక్ స్కూళ్లకి తాళాలు వేసేసింది. అలాంటి వాటి మీద పోరాడినవాళ్ల వల్లే 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన ఇమిగ్రేషన్ చట్టంతోనే మనలాంటి వాళ్లకి ఈ అమెరికా తలుపు తెరుచుకుంది. ఆ తాళాలు పడిన స్కూళ్ల కథ ఇంట్లో తాతల నోట విన్నవాళ్లు ఆ హాల్లో కూర్చుని ఉంటారు. మన మాట వాళ్లకెలా వినిపిస్తుందో ఆలోచించుకుని మాట్లాడాలి.

అలాగని నోరు మూసుకుని కూర్చోమనడం లేదు. అడగాల్సినవి చాలానే ఉన్నాయి.

ముందు కెపాసిటీ లెక్క తీయించు. మీ స్కూలు ఎంతమందికి కట్టారు, ఇప్పుడెంతమంది ఉన్నారు, ఐదేళ్లకి ఎంతమంది అవుతారంటున్నారు. వెనకాల పెట్టిన ట్రెయిలర్ క్లాసుల్ని కెపాసిటీలో కలిపారో లేదో అడుగు. మా దగ్గర వాటిని కలపరు. స్కూలు 90 నుంచి 110 శాతం మధ్య నిండి ఉండాలని మా పాలసీలో రాసుకున్నారు. మీ కౌంటీ పాలసీలో ఏం రాశారో వెతికి, ఆ వాక్యాన్నే బోర్డుకి చదివి వినిపించు. వాళ్లు రాసుకున్న మాటకి వాళ్లు జవాబు చెప్పి తీరాలి.

మా దగ్గర కౌంటీని చిన్నచిన్న ముక్కలు చేసి నంబర్లిస్తారు, పాలిగాన్లంటారు. మీ దగ్గరా అలాంటిదేదో ఉంటుంది, మీ ముక్క నంబరు తెలుసుకో. మిడిల్ స్కూల్ నుంచి మీ వీధి పిల్లలు నలుగురే విడిపోయి కొత్త హైస్కూలుకి వెళ్తున్నారా, గుంపుగా వెళ్తున్నారా చూడు. కొత్త హైస్కూలు పిల్లల్లో 15 శాతం కంటే చిన్న గుంపుగా ఎవరినీ పంపకుండా చూడాలని మా పాలసీలో రాసుకున్నారు. ఇది బలమైన పాయింటు. పిల్లలకి నిజంగా నొప్పి కలిగేది స్నేహితులు విడిపోయినప్పుడే, ఆ మాట బోర్డు వాళ్లు కూడా వింటారు. బస్సులో ఎంతసేపో ఉదయం ట్రాఫిక్‌లో ఒకసారి నువ్వే కారేసుకుని వెళ్లి చూడు. ఇప్పటికే పై క్లాసుల్లో ఉన్నవాళ్లని చదువు పూర్తయ్యేదాకా ఉన్నచోటే ఉండనివ్వమనీ, అన్నదమ్ముల్ని విడదీయవద్దనీ అడుగు.

మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు. ఇంటి ధర గురించి ఒక్క సెకను కూడా వృథా చెయ్యకు. నీ బాధ నాకు తెలుసు, అప్పు తీర్చేది మీరే. కానీ ఇంటి కాగితాల్లో స్కూల్ జోన్ హక్కు అని ఎక్కడా ఉండదు. అది రియల్టర్ నోటిమాట. ధర మాట ఎత్తగానే ఆ తర్వాత నువ్వు పిల్లల గురించి ఏం చెప్పినా నమ్మరు.

అల్లుడు పాత జోన్‌లో చిన్న అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుని ఆ అడ్రసు పెడదామంటున్నాడట. ఆ ఆలోచన మానుకోమను. ఉండని ఇంటి అడ్రసు ఇచ్చినట్టు బయటపడితే ఏడాది మధ్యలో పిల్లవాణ్ణి తీసేస్తారు, ఫీజు కట్టమనీ అడగొచ్చు. వాడికి అంతకంటే అవమానం ఉంటుందా?

వాట్సాప్ గ్రూపులో వచ్చే ప్రతి ఫార్వర్డూ చదివి టెన్షన్ పడకు. బోర్డు పెట్టిన కాగితంలో లేనిదాన్ని నమ్మకు, ముందుకి పంపకు. ఎవరైనా ఆ స్కూలు గురించి చెత్త రాస్తే, నువ్వు పెద్దింటి పిల్లవి, అక్కడే మర్యాదగా వద్దని చెప్పు. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నా పర్వాలేదు.

ఇక ఓటింగ్ దాకా ఆగకుండా ఈ వారంలోనే ఆ కొత్త స్కూలుకి వెళ్లి చూసి రా. ప్రిన్సిపాల్ అపాయింట్‌మెంట్ అడుగు. లెక్కల్లో ఎంతవరకు ఉంది, ఆర్కెస్ట్రా ఉందా, వాడి రోబోటిక్స్ సంగతేమిటి, అన్నీ అడుగు. వాణ్ణి వెంట తీసుకెళ్లు. అక్కడి పేరెంట్స్ సంఘంలో ఎవరితోనైనా కాఫీ తాగు. మీ వీధి వాళ్లు వాళ్ల గురించి ఏమనుకుంటున్నారో వాళ్ల దాకా ఈపాటికి వచ్చే ఉంటుంది కాబట్టి, నువ్వే ముందు పలకరించు. ఆ స్కూలు వద్దనుకున్నా, చూసి వద్దనుకో. వాడి ముందు మాత్రం "అయ్యో, వాడి చదువేమవుతుందో" అని ఏడుపు మొహం పెట్టొద్దు. రేపు అక్కడే చేరాల్సి వస్తే వాడు ఆ భయంతోనే గడప తొక్కుతాడు.

హియరింగులో చదివేది రాసి ఆదివారం లోపు నాకు పంపు. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషు మీ పెదనాన్న చేత సరిచేయిస్తాను. మూడు నిమిషాలకి మించితే ఎక్కడ కొట్టేయాలో కూడా ఆయనే చెబుతారు.

ఇట్లు,
పెద్దమ్మ