తొమ్మిదేళ్ల వెండి ఫిల్లింగ్ కింద పన్ను సలుపుతుంటే...

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. బీపీకి మాత్ర వాడుతున్నాను. తొమ్మిదేళ్ల కిందట కింది దవడ పన్నుకు వెండి ఫిల్లింగ్ పెట్టించుకున్నాను. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. మూడు వారాలుగా వేడి టీ తాగితే ఆ పన్ను చాలాసేపు సలుపుతోంది. రాత్రిళ్లు ఫ్రిజ్ నీళ్లు పుక్కిట పట్టుకుంటే తగ్గుతోంది. లవంగ నూనెతో, మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొస్తున్నాను. లోహం వేడెక్కడం వల్లే ఇలా అవుతోందా? అందులో పాదరసం ఉంటుందట. తీయించి పంటి రంగు ఫిల్లింగ్ పెట్టించుకోవాలా, జిర్కోనియా క్యాప్ వేయించుకోవాలా? ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది ఏ పదార్థం మేలని. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మాత్రం ఫ్రిజ్ నీళ్ల మాట. వేడికి మొదలైన నొప్పి చాలాసేపు నిలవడం, చల్లని నీటికి ఉపశమించడం, రాత్రి నిద్ర చెడగొట్టడం, ఈ మూడూ ఒకే పన్నులో కనిపిస్తే లోపలి నరం (పల్ప్) తిరిగి కోలుకోలేనంతగా వాచి ఉండవచ్చని అనుమానిస్తాం. పన్నును చూడకుండా, ఎక్స్-రే తీయకుండా ఇది నిర్ధారణ అని చెప్పలేను.

వెండి ఫిల్లింగ్ వేడిని, చలిని త్వరగా లోపలికి చేరవేస్తుందన్నది నిజమే. అయితే ఆ జివ్వుమనడం ఫిల్లింగ్ పెట్టిన కొత్తలో ఉండి, సాధారణంగా కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. తొమ్మిదేళ్లు మౌనంగా ఉన్న లోహానికి ఈ నెలలో కొత్తగా ఆ గుణం రాదు కాబట్టి, దాని అడుగున పిప్పి చేరిందా, అంచు వదులైందా, పన్ను బీటలువారిందా అన్నది చూడాలి. ఉష్ణోగ్రత మారినప్పుడు ఈ లోహం పంటికంటే రెండు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. వేడి టీ, వెంటనే ఐస్ నీళ్లు, ఇలా ఏళ్ల తరబడి సాగితే అంచుల దగ్గర సందు ఏర్పడే అవకాశం ఉంటుంది.

పంటి రంగు కాంపోజిట్‌కూ దాని లోపాలు దానికున్నాయి. లైటు పెట్టి గట్టిపరిచేటప్పుడు అది సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. అందుకే లోతైన గుంటను సాధారణంగా 2 మిల్లీమీటర్ల పొరలుగా నింపుతాం. తడి తగిలితే అది సరిగా అంటుకోదు. గ్లాస్ అయోనమర్ అనే మరో ఫిల్లింగ్ పదార్థం వ్యాకోచంలో పంటికి దగ్గరగా ఉంటుంది, ఫ్లోరైడ్‌నూ వదులుతుంది, కానీ నమిలే ఒత్తిడికి త్వరగా అరుగుతుంది. జిర్కోనియా చాలా దృఢమైనదే అయినా, లోపల నరం చెడిన పంటిపై దాన్ని తొడిగితే జబ్బును కప్పిపెట్టినట్లే అవుతుంది. మీ విషయంలో ముందు నరం సంగతి తేలాలి. రూట్ కెనాల్ (చెడిన నరాన్ని తీసి లోపల శుభ్రం చేసి నింపే చికిత్స) అవసరమైతే అది పూర్తయ్యాకే క్యాప్ గురించి మాట్లాడాలి.

వెండి ఫిల్లింగ్‌లో బరువులో దాదాపు సగం పాదరసం ఉన్నమాట వాస్తవం. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి కొద్ది మినహాయింపులతో దీని వాడకాన్ని ఆపింది, ప్రధానంగా పర్యావరణ కారణాలతో. చెక్కుచెదరని ఫిల్లింగ్‌ను కేవలం భయంతో తీయించుకోనక్కర లేదు, ఎందుకంటే తవ్వే సమయంలోనే పాదరసం ఆవిరి ఎక్కువగా వెలువడుతుంది.

ఇక మీ సొంత వైద్యం. లవంగ నూనెలో ముంచిన దూదిని రాత్రంతా చిగురుకు ఆనించి పడుకుంటే అక్కడ చర్మం తెల్లబారి పొరలా ఊడివచ్చే కేసులు మా దగ్గరకు వస్తూనే ఉంటాయి. లవంగ నూనెలోని యూజినాల్‌ను మేమూ జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక ఫిల్లింగ్‌గా వాడతాం. కానీ అదే యూజినాల్ పంటిపై మిగిలి ఉంటే కాంపోజిట్ సరిగా గట్టిపడకుండా అడ్డుపడవచ్చు. కాబట్టి డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పండి. అంతకంటే పెద్ద ఆందోళన ఆ మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి బీపీని పెంచవచ్చు. కొన్ని రకాల బీపీ మందులతో కలిస్తే మూత్రపిండాలపై భారం పడుతుంది, కడుపులో పుండ్లూ రావచ్చు. మూడు వారాలపాటు చీటీ లేకుండా వాడటం ఏమాత్రం తగదు. షాపులో ఏ మాత్ర ఇచ్చారో ఆ స్ట్రిప్‌ను పారేయకుండా వెంట తీసుకెళ్లండి, మీకు బీపీ మందు రాసిన వైద్యునికీ చూపించండి. యాంటీబయాటిక్ కూడా మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు, అది వాచిన నరాన్ని నయం చేయదు.

ఒకరోజు ఉన్నట్టుండి నొప్పి పూర్తిగా పోతే తగ్గిపోయిందనుకుని ఆగిపోకండి, నరం చచ్చిపోయినా అలాగే ఉంటుంది. ఈ వారంలోనే దగ్గరలోని దంత వైద్యునికి చూపించి ఎక్స్-రే తీయించుకోండి. ఖర్చు ఇబ్బంది అయితే విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడానికి కష్టం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) అత్యవసర విభాగానికి వెళ్లండి.