పిల్లలకు బేర్‌ఫుట్ షూస్ కొనవచ్చా? సైజు ఎలా చూడాలి?

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. అరికాళ్లు చదునుగా ఉంటాయి. నొప్పేమీ లేదు, బాగానే పరుగెడతాడు. షాపులో అడిగితే లోపల అరికాలి వంపుకు ఆసరా ఉండే గట్టి బూట్లు వేయాలన్నారు. బంధువులేమో పల్చటి సోల్ ఉండే బేర్‌ఫుట్ షూస్ వేస్తే చదును పాదాలు సరవుతాయంటున్నారు. పాపకు తొమ్మిదేళ్లు. రోజూ పరుగు సాధన చేస్తుంది. నెల రోజులుగా ఆట అయ్యాక మడమలు నొప్పి అంటోంది. ఇద్దరికీ ఈ షూస్ కొనవచ్చా? సైజు ఎలా చూసుకోవాలి? పాపకు చిన్నవైపోయిన షూస్ బాబుకు వేయవచ్చా? – ఒక తల్లి

జవాబు: బాబుకు కొనవచ్చు. పాపకు మాత్రం ఇప్పుడే వద్దు, కారణం కింద చెబుతాను.

బాబు విషయంలోనూ చదును పాదాలు సరవుతాయనే ఆశతో కొనకండి. ఐదేళ్ల వయసులో చదును పాదం జబ్బు కాదు. అరికాలి లోపలి వైపు కొవ్వు మెత్తగా నిండి ఉంటుంది, కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు ఇంకా బాగా సాగుతుంటాయి. అందుకే నిలబడగానే వంపు నేలకు ఆనిపోతుంది. పదేళ్లు వచ్చేదాకా ఈ వంపు ఏర్పడుతూనే ఉంటుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. బాబును మునివేళ్ల మీద నిలబెట్టి వెనక నుంచి చూడండి. అప్పుడు వంపు పైకి లేచి, మడమలు కాస్త లోపలికి తిరిగితే అది మామూలు చదును పాదమే. నొప్పి లేనంతవరకు దానికి చికిత్స అక్కర్లేదు. మునివేళ్ల మీద నిలబడినా వంపు రాకపోయినా, పాదం బిగుసుకుపోయినట్టున్నా, ఒక్క కాలే చదునుగా ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించాలి.

షాపువాళ్ల మాటకు కూడా ఆధారం లేదు. చదును పాదాలున్న చిన్నపిల్లలకు మూడేళ్లపాటు ప్రత్యేక బూట్లు, ఇన్‌సోల్స్ (బూటు లోపల పాదం కింద పెట్టే పొర) వేసి చూసిన పరిశోధన ఫలితాలు 1989లో వచ్చాయి. వాళ్లలో వంపు ఎంత మెరుగుపడిందో, ఏ చికిత్సా ఇవ్వని పిల్లల్లోనూ అంతే మెరుగుపడింది. మరోవైపు, 2,300 మంది భారతీయ పిల్లల్ని పరిశీలించిన సర్వే ఒకటి 1992లో ప్రచురితమైంది. అందులో పాదరక్షలు వాడేవాళ్లలో 8.6 శాతం మందికి, వట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం మందికి చదును పాదాలు కనిపించాయి. ముందు భాగం మూసి ఉండే బూట్లు వేసుకునేవాళ్లలో అవి ఇంకా ఎక్కువ. బేర్‌ఫుట్ షూస్ అమ్మేవాళ్లు ఇలాంటి అంకెలే చూపిస్తుంటారు. బూటు పాదానికి అడ్డు రావచ్చని మాత్రమే ఈ సర్వే నుంచి అనుకోవచ్చు. పల్చటి బూటు వేస్తే వంపు పుట్టుకొస్తుందని అది చెప్పడం లేదు. వట్టి కాళ్లతో ఇంట్లో, గడ్డి మీద, ఇసుకలో తిరగనిస్తే చాలా లాభం అక్కడే వస్తుంది. బయటికెళ్లినప్పుడు పాదం పనికి అడ్డురాని బూటు ఉంటే చాలు.

ఇక సైజు. అసలు తప్పులు జరిగేది ఇక్కడే. పెద్దల పాదంలో 26 ఎముకలుంటాయి. ఐదేళ్ల పిల్లల్లో వాటిలో కొంత భాగం ఇంకా మెత్తటి మృదులాస్థే. బూటు ఇరుకైతే మెత్తని వేళ్లు ముడుచుకుని అందులోనే సర్దుకుంటాయి, పిల్లలకు నొప్పి తెలియదు. కాబట్టి ‘బాగుందా?’ అని వాళ్లనడిగి లాభం లేదు. బూటు పైనుంచి బొటనవేలితో నొక్కి చూడటం కూడా నమ్మదగ్గ పద్ధతి కాదు, నొక్కగానే పిల్లలు వేళ్లు లోపలికి ముడుస్తారు.

సాయంత్రం పూట కొలవండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. గోడకు ఆనించి నేల మీద కాగితం పరిచి, మడమ గోడకు తగిలేలా బాబును రెండు కాళ్ల మీదా బరువు వేసి నిలబెట్టండి. కూర్చోబెట్టి కొలిస్తే పొడవు, వెడల్పు రెండూ తక్కువ వస్తాయి. పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీయండి. పెన్సిల్ పాదం కిందికి వాలితే ఒక్కో వైపు రెండు మూడు మిల్లీమీటర్లు పోతాయి. గోడ నుంచి అన్నిటికంటే ముందున్న వేలి దాకా కొలవండి. చాలామందికి అది బొటనవేలే, కొందరికి రెండో వేలు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఆ పొడవుకు 12 మి.మీ. కలపండి. నడిచేటప్పుడు పాదం సాగడానికి కొంత, పెరగడానికి కొంత. ఉదాహరణకు పెద్ద పాదం 17.4 సెం.మీ. ఉంటే బూటు లోపలి పొడవు 18.6 ఉండాలి. యూరోపియన్ నంబర్లలో ఒక్కో సైజుకు తేడా దాదాపు 6.7 మి.మీ., బ్రిటిష్ నంబర్లలో 8.5 మి.మీ. లెక్క ప్రకారం యూరోపియన్ 28 నంబరు 18.7 సెం.మీ. దగ్గరికి వస్తుంది గానీ, ఒకే నంబరు మీద వేర్వేరు కంపెనీల లోపలి పొడవు అర సెంటీమీటరు దాకా మారుతుంది. అందుకే నంబరును నమ్మకుండా లోపలి పొడవు సెంటీమీటర్లలో ఎంతో అడగండి. లేదా మందపాటి అట్టను సెంటీమీటరు వెడల్పున, 18.6 పొడవున కత్తిరించి బూటులో పెట్టండి. మడమ నుంచి ముందుకు వంగకుండా సరిపోతే పొడవు ఉన్నట్టే. వంగితే చిన్నది, ఇటూ అటూ జారితే పెద్దది.

ఇంకో ఏడాది వస్తుందని రెండు నంబర్లు పెద్దవి కొనకండి. పాదం ముందుకు జారుతుంది, దాన్ని ఆపడానికి పిల్లలు వేళ్లతో సోల్‌ను పట్టుకుని నడుస్తారు. బేర్‌ఫుట్ షూస్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. వీటి ముక్కు మెత్తగా ఉంటుంది కాబట్టి, ఎక్కువైన పొడవు నేలకు మడతపడి బోర్లా పడతారు. బాబు వయసులో పాదం ఏడాదికి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ కొలవండి. ముందున్న ఖాళీ 5 మి.మీ.కు దిగిందంటే మార్చాల్సిందే, బూటు ఎంత కొత్తగా ఉన్నా సరే.

పొడవు కుదిరాక ఆకారం చూడాలి. నన్నడిగితే ‘బేర్‌ఫుట్’ అని పెట్టె మీద రాసి ఉండటం కంటే ఇదే ముఖ్యం. ఇన్‌సోల్ బయటికి తీసి, మీరు గీసిన పాదం బొమ్మ మీద పెట్టండి. మడమలు కలిపి చూస్తే వేళ్ల దగ్గర గీత ఇన్‌సోల్ అంచు దాటకూడదు. చిన్నపిల్లల పాదం వేళ్ల దగ్గరే అన్నిటికంటే వెడల్పు, మామూలు బూటు సరిగ్గా అక్కడే సన్నబడుతుంది. బేర్‌ఫుట్ షూస్ అన్నీ ఒకే ఆకారంలో ఉండవు. కొన్నిటి ముందు భాగం గుండ్రంగా ఉంటుంది, కొన్నిటి లోపలి అంచు బొటనవేలి పక్కన తిన్నగా సాగుతుంది. బొటనవేలు పొడవుగా ఉన్న పిల్లలకు రెండో రకం నప్పుతుంది. పాదం సన్నగా ఉంటే మరీ వెడల్పు బూటులో మడమ కదిలి పొక్కులు లేస్తాయి. పాదం పైభాగం ఎత్తుగా, బొద్దుగా ఉంటే వెల్‌క్రో పట్టీ చివరిదాకా అతుక్కుంటుందో లేదో వేసి చూడాలి. పట్టీ లేకుండా కాలు దూర్చుకునే రకం వద్దు, బూటును కాలికి పట్టి ఉంచేది ఆ పట్టీయే.

తర్వాత సోల్. బూటును బల్ల మీద పెట్టి పక్కనుంచి చూస్తే మడమ, ముందు భాగం ఒకే ఎత్తులో ఉండాలి. బయటికి సమంగా కనిపించినా కొన్నిటిలో ఇన్‌సోల్ మడమ దగ్గర మందంగా ఉంటుంది, మధ్యలో వంపు కోసం చిన్న దిమ్మె ఉంటుంది. చేత్తో తడిమి చూడండి. సోల్ మందం 3 నుంచి 5 మి.మీ. ఉంటే సరిపోతుంది. కంకర మీద, ఎండకు కాలిన నేల మీద నడవాల్సి వస్తే 6 మి.మీ. ఉన్నా తప్పులేదు. పెద్దవాళ్ల రెండు చేతుల బలంతో ఏ బూటైనా వంగుతుంది, దాన్ని పరీక్ష అనుకోకండి. ఒక చేత్తో ముక్కు నొక్కితే వేళ్లు మడతపడే చోట తేలిగ్గా వంగాలి. బట్ట పిండినట్టు తిప్పితే తిరగాలి. పల్చటి సోల్‌కు అడుగున గాడులు లోతుగా ఉండవు కాబట్టి తడి గచ్చు మీద జారుతుంది, ఆ జాగ్రత్త మీరే చెప్పాలి.

తెచ్చాక ఇంట్లో పావుగంట తిప్పి, మేజోళ్లతో సహా విప్పి చూడండి. చిటికెన వేలి పక్కన, బొటనవేలి గోరు మీద, మడమ వెనక ఎర్రటి గుర్తులు పడి అరగంటైనా పోకపోతే వెనక్కి ఇచ్చేయండి. మేజోళ్లు బిగుతుగా ఉన్నా వేళ్లు దగ్గరికి నొక్కుకుంటాయి, ఆ తప్పును బూటు మీదకు నెట్టకండి. ఐదేళ్ల పిల్లలకు అలవాటు చేసే గడువంటూ పెద్దగా అక్కర్లేదు. రెండు మూడు రోజులు కాసేపు వేసి, తర్వాత రోజంతా వేయవచ్చు. బడిలో ఫలానా రకం నల్ల బూట్లే వేయాలంటే, అందులోనే ముక్కు వెడల్పుగా, మడమ ఎత్తు లేకుండా ఉన్నవి చూసి తీసుకోండి.

పాప సంగతికొస్తే, మీరు చెప్పిన లక్షణాలు సెవర్స్ డిసీజ్‌వి కావచ్చు. పేరు భయపెట్టేలా ఉన్నా ఇది ఆడుకునే పిల్లల్లో, ముఖ్యంగా 8 నుంచి 14 ఏళ్ల మధ్య, తరచూ కనిపించేదే. మడమ ఎముక వెనక భాగంలో ఎముక పెరిగే పొర ఉంటుంది. పిక్క కండరం బిగుతుగా ఉన్నప్పుడు పరుగులో పిక్క కండరాన్ని మడమకు కలిపే అకిలిస్ స్నాయువు ఆ పొరను పదే పదే లాగుతుంది. మడమను రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కితే నొప్పి అంటే అనుమానం బలపడుతుంది. ఈ సమయంలో మడమ ఎత్తు లేని షూస్ వేస్తే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. కాబట్టి నొప్పి తగ్గేదాకా మడమ కింద మెత్తదనం, ముందు భాగం కంటే 8 నుంచి 10 మి.మీ. ఎక్కువ ఎత్తు ఉన్న స్పోర్ట్స్ షూస్ వేయండి. నొప్పి రాని స్థాయికి పరుగు తగ్గించండి. ఆట తర్వాత గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు పెట్టవచ్చు. మోకాలు చాపి పిక్క సాగదీసే వ్యాయామం రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 30 సెకన్లు, మూడు దఫాలు చేయించండి. వ్యాయామం చేస్తుంటే నొప్పి పెరిగితే ఆపేయాలి. తగ్గడానికి వారాల నుంచి కొన్ని నెలలు పట్టవచ్చు. మళ్లీ మళ్లీ వచ్చినా, ఆ పొర ఎముకలో కలిసిపోయాక శాశ్వతంగా పోతుంది.

నెల రోజులు నొప్పి లేకుండా గడిచాక ఆమెకూ ఇష్టమైతే బేర్‌ఫుట్ షూస్ మొదలుపెట్టవచ్చు. ముందు రోజుకు అరగంట, నడకకు మాత్రమే. వారానికి అరగంట చొప్పున పెంచండి. పిక్కలు పట్టేసినట్టుంటే ఆ వారం పెంచకండి. గట్టి నేల మీద పరుగు సాధనకు మాత్రం చాలా నెలల దాకా పాత రకం షూసే ఉంచండి. కుంటుతున్నా, రాత్రి నిద్రలో నొప్పికి లేస్తున్నా, మడమ వాచినా, జ్వరం వచ్చినా ఈ సలహాలతో ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలపై అదుపు తగ్గే స్థితి) ఉన్నవాళ్లు, పుట్టుకతో వంకర పాదానికి చికిత్స జరిగినవాళ్లు, పాదాల్లో స్పర్శ తక్కువగా ఉన్నవాళ్లు, మూడేళ్లు దాటినా మునివేళ్ల మీదే నడిచేవాళ్లు, రెండు కాళ్ల పొడవులో తేడా ఉన్నవాళ్లు – ఇలాంటి పిల్లలకు వైద్యులు చూసి చెప్పకుండా ఏ పల్చటి షూసూ కొనకూడదు.

పాప పాత షూస్ బాబుకు వేయడంలో తప్పులేదు, మూడు విషయాలు చూసుకుంటే. ఇన్‌సోల్ మీద పాప వేళ్ల గుంతలు లోతుగా పడి ఉన్నా, సోల్ ఒక పక్కనే అరిగి బూటు బల్ల మీద ఒరిగి నిలబడుతున్నా వద్దు. పాప వేళ్ల సందుల్లో పాచినట్టు, దురదగా ఎప్పుడైనా ఉంటే అది ఫంగస్ కావచ్చు, ఆ జత కూడా వేయకండి. ఇవేవీ లేకపోతే కొత్త ఇన్‌సోల్ వేసి, అట్టముక్కతో పొడవు సరిచూసుకుని వాడుకోవచ్చు.