శిథిలాల కింద ఉన్న మనిషి రాడార్‌లో కనిపిస్తాడా?

కూలిన భవనం కింద ఎవరు ఎక్కడ ఉన్నారో రాడార్ తెరపై కనిపిస్తుందా, కనిపిస్తే జాగిలాలు, లోపలి చప్పుళ్లు వినే మైకులు ఇంకా ఎందుకు అని అడిగారు. మనిషి ఆకారం కనిపించదు. సహాయక బృందంలో స్వచ్ఛంద కార్యకర్తగా శిక్షణకు వెళ్లినప్పుడు నేనూ ఆకారం కనిపిస్తుందనే ఆశించాను.

పరికరం శిథిలాల్లోకి మైక్రోవేవ్ తరంగాలను పంపుతుంది. ఇటుకలు, కాంక్రీటు కదలవు కాబట్టి వాటిని తాకి వచ్చే తరంగం మారదు. ఊపిరి తీసే మనిషి ఛాతీ మాత్రం కొన్ని మిల్లీమీటర్లు లేచి దిగుతుంది. గుండె చప్పుడు వల్ల కలిగే కదలిక ఇంకా చిన్నది. వెతికేది ఆ లయనే.

శిక్షణలో ఒక సహచరుడు కాంక్రీటు పలకల కింద పడుకున్నాడు. పరికరం అమర్చగానే శ్వాస నమోదైంది. ఆనందంతో కేక పెట్టాను. శిక్షకుడు మాట్లాడకుండా నా వెనుక నిలబడిన వ్యక్తిని దూరంగా పంపాడు. ఆ లయ కూడా ఆయనతోపాటే వెళ్లిపోయింది! అందరం వెనక్కి తగ్గి, పరికరాన్ని మరోవైపు పెట్టిన తర్వాతే అసలు మనిషి దొరికాడు. మైకుకు నిశ్శబ్దం చాలు, రాడార్‌కు చుట్టుపక్కల ఎవరూ కదలకూడదు. ఆత్రంగా శిథిలాలపైకి ఎక్కేవారిని ఆపడమే అన్నిటికన్నా కష్టమైన పని.

ఇది నిజంగా ప్రాణాలు కాపాడింది. 2015 నేపాల్ భూకంపం తర్వాత అక్కడి చౌతారా పట్టణంలో, నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ, అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కలిసి రూపొందించిన 'ఫైండర్' అనే ఇలాంటి రాడార్ పరికరం రెండు కూలిన భవనాల కింద నలుగురి గుండె చప్పుళ్లను పసిగట్టింది. కొన్నిచోట్ల 10 అడుగుల మేర ఇటుకలు, మట్టి, కలప పేరుకుని ఉన్నా వారిని బయటికి తీయగలిగారు. స్పృహ తప్పినవారు గోడ తట్టలేరు, కేక వేయలేరు. మైకుకు అందని వారి ఊపిరి రాడార్‌కు అందవచ్చు.

అయితే లోహపు రేకు అడ్డొస్తే తరంగాలు వెనక్కి వచ్చేస్తాయి, తడిసిన కాంక్రీటు వాటిని పీల్చేస్తుంది. అందుకే పరికరం ఏమీ లేదన్నంత మాత్రాన అక్కడ ఎవరూ లేరని రాసేయకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. కనీసం ఇంకో రెండు వైపుల నుంచి చూడాలి, జాగిలాన్ని తిప్పాలి, మైకు పెట్టి వినాలి. అవతలి వైపు ఊపిరి ఉంటే, మనం ఇంకా సరైన చోట నిలబడలేదన్నమాట.