సెన్సర్ మార్చే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతులో టెన్షన్ తెలిసింది. పొక్లెయిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటుతోందని, బజర్ మోగి ఇంజన్ లాగడం మానేస్తోందని, ఓనరు టెంపరేచర్ కొలిచే సెన్సర్ కొత్తది తెప్పిస్తానంటున్నాడని చెప్పావు. ఆ సెన్సర్‌ను ఒక్కరోజు ఆపించు. ముందు మనం తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఇంజన్ నిజంగా కాగుతోందా, లేక కాగుతున్నట్టు తప్పు కబురు వస్తోందా? ఈ రెండు జబ్బులకూ మందు వేరు.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి తెల్లవారుజామున, స్టార్ట్ చేయకుండా, కీ మాత్రం ఆన్ చెయ్యి. మానిటర్ సర్వీస్ మెనూలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు), హైడ్రాలిక్ ఆయిల్, ఇంజన్‌లోకి పోయే గాలి, ఈ మూడింటి టెంపరేచర్లు చూడు. రాత్రంతా చల్లారిన బండిలో మూడూ దాదాపు ఒకటే చెప్పాలి. రెండు 29, 30 అని చూపిస్తూ కూలెంట్ ఒక్కటే 90 అంటే, తప్పు ఎక్కడుందో అక్కడే తెలిసిపోయినట్టు.

మూడూ కలిస్తే అప్పుడు స్టార్ట్ చేసి ముల్లు నడక గమనించు. 20 టన్నుల బండిలో కూలెంటే దాదాపు 20 లీటర్లుంటుంది. అది కాగాలన్నా చల్లారాలన్నా టైం పడుతుంది. ముల్లు మెల్లగా ఎక్కి, లోడ్ తీస్తే మెల్లగా దిగుతుంటే వేడి నిజం. అప్పుడు సెన్సర్ జోలికి పోకుండా రేడియేటర్ రెక్కల్లో పేరుకున్న రాతిపొడి, ఫ్యాన్ బెల్టు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత చూడాలి. రెప్పపాటులో ఎగిరి, రెప్పపాటులో పడుతుంటే అది వైరింగ్ తంటా. నీళ్లు అంత తొందరగా కాగవు.

మానిటర్ మీద వచ్చే ఫాల్ట్ కోడ్ కూడా రాసుకో. చాలా బండ్లలో కూలెంట్ టెంపరేచర్ నంబరు 110. దాని పక్కన 0 ఉంటే సిగ్నల్ బాగానే ఉంది, ఇంజనే కాగుతోంది అని అర్థం. 3 ఉంటే వోల్టేజి ఎక్కువ, అంటే ఎక్కడో తీగ తెగింది లేదా కనెక్టర్ ఊడింది. 4 ఉంటే వోల్టేజి తక్కువ, తీగ ఎర్త్ అవుతోంది లేదా సెన్సర్ లోపల షార్ట్ అయింది. కోడ్ చూడకుండా చెరిపేసే అలవాటు నీకుంటే ఇవాళే మానెయ్.

ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. అందుకే తీగ తెగితే కంప్యూటర్ గడ్డకట్టే చలి అనుకుంటుంది, షార్ట్ అయితే మంట అనుకుంటుంది. ఇది మనసులో పెట్టుకుని, కీ ఆఫ్‌లో కనెక్టర్ ఊడదీసి, కీ ఆన్ చేసి చూడు. రీడింగ్ అడుగుకు పడిపోయి 4 పోయి 3 వచ్చిందంటే వైరింగ్ బాగున్నట్టే, సెన్సర్‌ని అనుమానించు. ఊడదీసినా 4 కదలకపోతే దోషం తీగలది. రెండు తీగల సెన్సర్ అయితే, జీను (తీగల కట్ట) వైపు పిన్నుల మధ్య మల్టీమీటర్‌లో సుమారు 5 వోల్టులు రావాలి.

సెన్సర్‌ని బయటికి తీశాక ఓనరుకి కూడా చూపించగలిగే పరీక్ష ఉంది. గిన్నెలో నీళ్లు పోసి స్టౌ మీద పెట్టి, సెన్సర్ కొన మాత్రం మునిగేలా వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి, మల్టీమీటర్‌తో సెన్సర్ రెసిస్టెన్స్ ఎన్ని ఓమ్స్ ఉందో చూడు. ఎక్కువగా వాడే ఒక రకం 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓమ్స్, 80 దగ్గర 320 చూపిస్తుంది. నీ బండికి మాన్యువల్‌లో ఉన్న లెక్కే ప్రమాణం. ఓమ్స్ సాఫీగా దిగాలి. మధ్యలో ఎక్కడైనా గెంతితే సెన్సర్ పోయినట్టే.

ఇక తీగల సంగతి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో పని చేసే రోజుల్లో ఒక బండి నన్ను మూడు రోజులు తిప్పింది. నిలబడి ఉన్నంతసేపూ బాగానే ఉండేది, బకెట్ రాయికి తగిలితే చాలు బజర్ మోగేది. నేను వరసగా రెండు సెన్సర్లు మార్చాను. మూడో రోజు జీను మొత్తం వేళ్లతో తడుముకుంటూ పోతే, ఇంజన్ పక్క క్లాంపు కింద తీగ తోలు అరిగి రాగి కనిపించింది. ఆ ఓనరు బండి కంతులు కడుతున్నవాడు. మూడు రోజుల పని పోయిందని ఒక్క మాట కూడా అనలేదు, అందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కాబట్టి ఒకరు మానిటర్ చూస్తుంటే, నువ్వు ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి జీను కదిలించు. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో చూడు. తీగలోకి సూది గుచ్చి వోల్టేజి చూడకు, ఆ రంధ్రంలోంచి తేమ లోపలికి చేరి ఆర్నెల్లలో కొత్త జబ్బు తెస్తుంది.

మరో రకం తప్పుంది, అది ఇంకా ప్రమాదం. కూలెంట్ తగ్గి సెన్సర్ కొన గాలిలో ఉంటే ముల్లు తక్కువ చూపిస్తుంది, లోపల హెడ్ మాత్రం కాలిపోతుంది. అందుకే అన్నిటికన్నా ముందు కూలెంట్ మట్టం చూడు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తియ్యి. వేడిలో మూత తిప్పితే ఆ ప్రెషర్‌కి మరిగే నీళ్లు మొహం మీదికి లేస్తాయి. నాతో పనిచేసిన కుర్రాడి చెయ్యి అలాగే కాలింది, నెలన్నర మంచం మీదే ఉన్నాడు.

ఎవరో ఒకరు వచ్చి సెన్సర్ బదులు ఒక రెసిస్టర్ పెట్టేస్తే ముల్లు మధ్యలో నిలబడుతుంది అంటారు. వద్దు అల్లుడూ. అలా చేసిన ఒక బండి ముల్లు మధ్యలో ఉండగానే హెడ్ గ్యాస్కెట్ పోయి నా దగ్గరికి వచ్చింది. బజర్ నోరు నొక్కితే ఆపరేటర్‌కి ఇక చెప్పేవాళ్లెవరూ ఉండరు.

చివరికి సెన్సర్ మార్చాల్సే వస్తే పార్ట్ నంబరు చూసి తీసుకో, చూడటానికి ఒకేలా ఉన్నా ఓమ్స్ వేరే ఉంటాయి. ఒకే తీగ ఉన్న సెన్సర్‌కి బిగించే మరల (థ్రెడ్ల) మీద టేపు చుట్టకు, దాని ఎర్త్ ఆ మరల్లోంచే పోతుంది. కూలెంట్ నింపాక లోపలి గాలి పోనిచ్చి మట్టం మళ్లీ చూడు.

రేపు పొద్దున కీ ఆన్ చేసినప్పుడు ఆ మూడు నంబర్లూ కోడ్‌తో పాటు రాసి నాకు ఫోన్ చెయ్యి. 6 గంటలకే లేచి ఉంటాను.

మీ మామయ్య