నీలి మరకల తోట సేంద్రియమేనా?

ప్రశ్న: ఫ్రాన్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు, బోర్డో సమీపంలోని ఒక చిన్న సేంద్రియ ద్రాక్షతోటను చూశాము. ఆకుల నిండా నీలి మరకలున్నాయి. నగరంలోని వైన్ దుకాణంలో అదే తోట సీసాపై నక్షత్రాలతో కూర్చిన ఆకు గుర్తు కనిపించింది. మందు కొట్టిన పంట సేంద్రియమెలా అవుతుంది?

జవాబు: మీరు చూసినది మన రైతులకూ తెలిసిన బోర్డో మిశ్రమం కావచ్చు, రాగి ఉండే మైలుతుత్తం, సున్నం కలిపి చేసే ఈ మందు బూజు తెగులుకు మందుగా 1880లలో ఆ ప్రాంతంలోనే వాడుకలోకి వచ్చింది. సేంద్రియ సేద్యంలో కృత్రిమ పురుగుమందులు కూడవు గానీ, రాగిని మాత్రం హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలకు మించకుండా వాడుకోవడానికి ఐరోపా సమాఖ్య అనుమతిస్తోంది. రాగి నేలలో పేరుకుపోతుంది కనుక ఈ వెసులుబాటు నాకైతే అంత నిశ్చింతగా అనిపించదు. ఐరోపా సమాఖ్య సేంద్రియ ముద్ర అయిన ఆ ఆకు గుర్తుంటే సల్ఫైట్లు, అంటే వైన్ చెడకుండా కలిపే గంధకపు పదార్థాలు, ఉండవనీ అనుకోకండి. తీపి లేని ఎర్ర వైన్‌లో లీటరుకు 100 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, మామూలు రకానికైతే ఆ పరిమితి 150.